వెండికాగితం మీద వలయాలు

నాలుగింటికి పోలీసు జీపు వస్తుంది. ఆంజనేయులు సెంత్-ఓదీల్ చెరకు ఎస్టేట్ డిస్పెన్సరీ గుమ్మంలో గొడుగు మడిచి గోడకు ఆనించేసరికి లోపలి గడియారం మూడూ పది చూపిస్తోంది. ఆ అమ్మాయి జీపు ఎక్కకుండా ఆపడానికి ఆయనకు మిగిలింది యాభై నిమిషాలు.

అమ్మాయి పేరు కామిని. ఇరవై ఆరేళ్ళు. మహేబోర్గ్‌లో తండ్రి చిన్నయ్య వదిలిపోయిన రేడియో రిపేరు కొట్టును ఒంటిచేత్తో నడుపుతోంది. పొద్దున్న పదింటి నుంచి ఆమెను ఈ గదిలోంచి కదలనివ్వలేదు. గోడ పక్క బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉంది. ఒళ్ళో తెల్లకాగితం, అందులో సగం తిన్న రొట్టె. ఈ గదిలో ఎవరో ఒకరికి ఆమె ఆకలి గుర్తొచ్చిందన్నమాట. ఆ సంగతి ఆంజనేయులు మనసులో ఒక మూల భద్రంగా పెట్టుకున్నాడు.

బల్ల వెనక నిలబడ్డవాడు మార్సెల్. ఎస్టేట్ కాపలాదార్లందరికీ పెద్ద. ఒకప్పుడు సైన్యంలో పనిచేశాడు. చంకలో మూరెడు పొన్నుకర్ర ఎప్పుడూ ఉంటుంది.

"తపాలా శాఖలో ఇరవై ఐదేళ్ళు తప్పిపోయిన ఉత్తరాలు వెతికారట కదా, మిస్యే ఆంజనేయులు," అన్నాడు, ఈ దీవి అంతా మాట్లాడే క్రియోల్‌లో. "అలాంటి ఉత్తరాలు ఎప్పుడూ ఆలస్యంగానే చేరతాయి. మీరూ అంతే."

"చేరతాయి కదా. అదే మాకు ముఖ్యం," అన్నాడు ఆంజనేయులు అదే భాషలో, కుర్చీ లాక్కుంటూ.

కేసు చిన్నదే. ఎస్టేట్ ఆఫీసులో గుమాస్తాగా చేస్తూ సాయంత్రాలు పిల్లలకు తెలుగు చెప్పే రామానుజం మాస్టారు వచ్చే సోమవారం విచారణ సంఘం ముందు నిలబడి, కూలీల ఇళ్ళు ఎస్టేట్ ఎలా ఖాళీ చేయిస్తోందో చెప్పాలి. మొన్న మంగళవారం సాయంత్రం అయిదింటికి, పాఠం మధ్యలో, ఆఫీసు నుంచి తెచ్చుకున్న టీ తాగి పడిపోయాడు. మహేబోర్గ్ ఆసుపత్రి డాక్టరు అది మార్ఫిన్ అన్నాడు. ఈ డిస్పెన్సరీ ఇనుప బీరువాలో పన్నెండు మార్ఫిన్ సీసాలు ఉండాలి. నర్సు జోసెలిన్ లెక్కపెడితే పదకొండే ఉన్నాయి. బీరువా తాళం పగల్లేదు. దానికి తాళంచెవి లేదు. తలుపు మీద అంకెల మీటలున్న పలక ఒకటి ఉంది. నాలుగు అంకెలు వరసగా నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. ఆ వరస తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒకరు జోసెలిన్. రెండోవారు ఆ పలకను తయారుచేసిన కామిని.

మంగళవారం డిస్పెన్సరీలో ఎవరూ లేనిది పన్నెండింటి నుంచి ఒంటిగంట దాకానే, ఆ గంటా జోసెలిన్ పక్క కూలీల క్యాంపులో పురుడు పోస్తూ పదిమంది కళ్ళెదుట ఉంది. మిగిలింది కామిని. ఆమె మేనత్త సుబ్బమ్మ నిన్న బస్సులో క్యూర్‌పిప్ దాకా వచ్చి ఆంజనేయులు తలుపు తట్టి, "మా పిల్ల నోరు పెద్దది బాబూ, చెయ్యి మాత్రం శుభ్రం" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. ఆయనకు ఆ మాట చాలింది.

"మంగళవారం ఇక్కడికి ఎన్నింటికి వచ్చావమ్మా?"

"పన్నెండూ పదికి వచ్చాను. పన్నెండున్నరకి వెళ్ళాను. మూడు రోజులుగా ఇదే చెబుతున్నాను, బాబాయిగారూ. నాలుగో రోజూ ఇదే చెబుతాను."

"ఎందుకు వచ్చావు?"

"ఆరు అంకె మీట బిగుసుకుంటోందని జోసెలిన్ కబురు పంపింది. సరిచేసి వెళ్ళాను."

"ఇరవై నిమిషాలు, ఒంటరిగా," అన్నాడు మార్సెల్. "అంకెలు తెలిసిన మనిషి. అంతకుముందు ఆదివారమే గుడి దగ్గర యాభైమంది ముందు ఆ మాస్టారు ఈమెను తిట్టాడు, ఎస్టేట్‌కి తాళాలు చేసిపెడుతున్నావని. ఇంకేం కావాలి?"

"తిట్టారు," అంది కామిని. "నాకు అక్షరాలు దిద్దించిన మనిషి. తిట్టే హక్కుంది. మందుల బీరువాకు తాళం వేస్తే పిల్లలు బతుకుతారు మాస్టారూ, దొరలు కాదు అని నేనూ ఎదురు తిట్టాను. తిట్టుకున్నవాళ్ళంతా విషం పెట్టుకుంటే మా గుడిలో భజనకి మనిషి మిగలడు."

ఆంజనేయులు నవ్వు ఆపుకున్నాడు.

"ఇంకొకటి," అంది ఆమె మార్సెల్ వైపు తిరిగి. "నేనే తీయాలనుకుంటే మీటలెందుకు నొక్కుతాను? తలుపు కీలు దగ్గర రెండు మరలు విప్పితే బీరువా నోరు తెరుస్తుంది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలిసింది. రాసుకోండి."

"జీపులో కూడా ఇలాగే మాట్లాడు."

"జీపులోనూ ఇలాగే మాట్లాడతాను. కోర్టులోనూ ఇలాగే మాట్లాడతాను. వచ్చే నెల పన్నెండున స్వతంత్రం వచ్చి జెండా మారాక కూడా ఇలాగే మాట్లాడతాను."

మూడూ పద్దెనిమిది. ఆంజనేయులు లేచి బీరువా దగ్గరికి వెళ్ళాడు.

పలక అరచేతికన్నా కొంచెం పెద్దది. పైన పసుపురంగు మైనపుగుడ్డ. దాని మీద నల్లసిరాతో సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు. ఒక్కో అంకె మీద పసుపు, ఆ పసుపు మీద కుంకుమ బొట్టు. ఆరు బొట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రెండు, నాలుగు, ఏడు, తొమ్మిది మీద మాత్రం చెదిరి ఉన్నాయి.

"ఈ బొట్లు?"

"మా అత్తయ్య. కొత్త యంత్రమంటే మంగళవారం, శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి పాతవి తుడిచి కొత్తవి పెట్టాల్సిందే. వద్దంటే వినదు. జోసెలిన్ చర్చికి వెళ్ళే మనిషి, అయినా ఒక్కసారీ తుడిచేయలేదు. నొక్కిన ప్రతిసారీ వేలు ఎర్రబడితే కడుక్కుంటుంది. మీ దేవుడు కూడా కాపలా కాస్తే నాకు మంచిదేగా అంటుంది."

"ఇవాళ శుక్రవారం. అంటే ఇవి పొద్దున్న పెట్టినవి."

"అవును."

"ఈ పలక లోపల ఏముందో చెప్పు. నాకు రేడియో ఆన్ చేయడం ఒక్కటే వచ్చు, ఆ లెక్కన చెప్పు."

కామిని మొహంలో మొదటిసారి కోపం తగ్గింది. తన పని గురించి అడిగేసరికి గొంతు మారింది.

"మీటల పలక లండన్ నుంచి తెప్పించాలంటే ఓడలో మూడు నెలలు. పది మీటలకు వాళ్ళడిగే ధరతో మా అత్తయ్య రెండు నెలలు బతుకుతుంది. అందుకని ఇంట్లో ఉన్నవాటితో చేసి చూశాను. మొదటిది అత్తయ్య కుట్టుపెట్టెలోని టిచ్‌బటన్లతో. నొక్కితే టక్కున అతుక్కుంటాయి, మళ్ళీ ఊడిరావు. అది తాళానికి పనికిరాలేదు. రెండోది ఇది. కింద అట్ట, అట్ట మీద సిగరెట్ పెట్టెలోని వెండికాగితం. దాని మీద సైకిల్ ట్యూబు ముక్క, మీటకొకటి చొప్పున చిల్లులు కొట్టి. ఆ పైన మళ్ళీ వెండికాగితం, దాని మీద మైనపుగుడ్డ. నొక్కితే పై కాగితం చిల్లులోంచి దిగి కింది కాగితాన్ని తాకుతుంది. కరెంటు పారుతుంది. వేలు తీస్తే రబ్బరు దాన్ని పైకి లేపుతుంది. వరస మూడుసార్లు తప్పితే గంట మోగుతుంది. మూడోది సార్డీన్ డబ్బా మూతల్ని బొడిపెల్లా కొట్టి చేస్తున్నాను. అది ఇంటి దగ్గర ఉంది, ఇంకా కుదరలేదు."

"సిగరెట్ పెట్టెల చెత్త," అన్నాడు మార్సెల్.

"మీ కాపలావాళ్ళు పారేసిన పెట్టెలే. మీ చెత్తే మీ మందులు కాస్తోంది."

"మరి ఈ చెత్తలో లోపం లేదా?" అన్నాడు ఆంజనేయులు.

"ఉంది. వెండికాగితం మరిచిపోదు. ఒకసారి నలిగిందంటే ఆ నలుగు పోదు. రెండు వందలసార్లు నొక్కితే చిట్లుతుంది. కొట్లో కూర్చుని ఎన్ని పలకలు చిట్లేదాకా నొక్కానో నాకే తెలియదు. ఏది నా వేలి నలుగో, ఏది అత్తయ్యదో చూసి చెప్పగలను."

"అయితే చూసి చెప్పు."

మార్సెల్ పొన్నుకర్ర అడ్డం పెట్టాడు. "అది సాక్ష్యం. దొంగ చేతికి సాక్ష్యం ఇవ్వను."

ఆంజనేయులు చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "మేనేజరుగారి సంతకం. నాలుగింటిదాకా ఈ గదిలో దేన్నైనా విప్పి చూడొచ్చని రాశారు. పలక పేరు కూడా రాయించాను. మీరు ఇలా అంటారని కాదు. అలవాటు."

మార్సెల్ రెండుసార్లు చదివాడు. కర్ర మళ్ళీ చంకలోకి వెళ్ళింది. "పదిహేను నిమిషాలు. నా కళ్ళముందే."

కామిని జడలోంచి పిన్ను తీసి మైనపుగుడ్డ నాలుగు మూలలా ఎత్తింది. బొట్లు చెదరకుండా ఆ గుడ్డను తిరగేసి, దాని అడుగున అంటి ఉన్న వెండికాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టింది. ఆంజనేయులు భూతద్దం అందించాడు. ఆమె తీసుకోలేదు.

"ఇవి చూడండి. వెడల్పుగా, మెత్తగా, అరటికాయ బద్దలా. ఇవి వేళ్ళు. జోసెలిన్‌ది కొంచెం ఎడమకి వాలుతుంది. ఆరు మీద ఇది నాది, మంగళవారం సరిచేసినప్పటిది. ఇక..." ఆమె ఆగింది. కాగితాన్ని ఇంకా దగ్గరికి తెచ్చుకుంది. "ఇవి వేళ్ళు కాదు."

ఏడు వెనక ఒక సన్నటి వలయం. పావలా కన్నా చిన్నది. చుట్టూ గీత లోతుగా దిగింది, మధ్యలో చదునుగా ఉంది. వలయం ఒకచోట తెగి ఉంది. అక్కడికి కొద్దిగా పక్కన అలాంటిదే మరొకటి, అదే తెగుడుతో. రెండు అంకె వెనక అలాంటివే ఓ జత. తొమ్మిది వెనక రెండు. నాలుగు వెనక రెండు. మిగిలిన అంకెల వెనక ఒక్కటీ లేదు.

"గుండ్రటి లోహపు అంచు," అంది కామిని. "లోపల బోలుగా ఉండాలి. ఒకచోట సొట్టపడి ఉండాలి. ఎక్కడా తడబాటు లేదు. సరైన నాలుగు మీటలే నొక్కాడు."

"నువ్వే నొక్కావు," అన్నాడు మార్సెల్. "వేలిముద్ర పడకూడదని దేంతోనో నొక్కావు."

"నా వేలిముద్రలు ఆ పలక నిండా ఉన్నాయి. చేసిందే నేను. అక్కడ నా ముద్ర ఉంటే ఎవరడుగుతారు?"

"ఆమె చెప్పింది నిజం," అన్నాడు ఆంజనేయులు. "ఈ మనిషి భయపడింది ముద్రకి కాదు, కుంకుమకి. వేలికంటితే సబ్బు పెట్టినా గోరు సందులో రెండు రోజులుంటుంది. మా ఇంట్లో ముప్పై ఏళ్ళు చూశాను, మా ఆవిడ పోయాక కూడా పెట్టె మూత మీద ఆ వేలిగుర్తు పోలేదు. ఈ పిల్లకు గానీ జోసెలిన్‌కు గానీ ఎర్రటి వేలంటే భయం లేదు. ఎర్రటి వేలుతో కనబడితే జవాబు చెప్పుకోవాల్సిన మనిషి వేరే ఉన్నాడు."

"బాగుంది. మరి ఆ మనిషికి వరస ఎలా తెలిసింది?" మార్సెల్ నవ్వాడు. "చెదిరిన బొట్లు చూసి నాలుగు అంకెలు పట్టుకోవచ్చు. కానీ నాలుగు అంకెల్ని ఇరవై నాలుగు వరసల్లో నొక్కచ్చు. మూడోసారి తప్పితే గంట. గంట మోగలేదు. తెలిసినవాళ్ళు ఇద్దరే."

"కామినీ, జోసెలిన్ ఆ వరస ఎలా గుర్తుపెట్టుకుంటుంది?"

కామిని వెండికాగితాన్ని బల్ల మీద పెట్టింది. గడియారం మూడూ ఇరవై ఎనిమిది.

"అది నా తప్పు," అంది. "ఆమెకు అంకెలు గుర్తుండవు. రాసిపెట్టవద్దన్నాను. అందుకని తెలుగులో నేర్పాను, పాటలా. ఏడు, రెండు, తొమ్మిది, నాలుగు. బీరువా ముందు నిలబడి ఆ పాట పైకే పాడుకుంటూ నొక్కుతుంది. ఈ ఆఫీసులో తెలుగు ఎవరికొచ్చు, మనకే సరిగ్గా రాదు, పాడుకోనీలే అనుకున్నాను. మన భాషే పెద్ద తాళం అనుకున్నాను."

"మిస్యే మార్సెల్, మీకు తెలుగు వచ్చా?"

"నాకా?" మార్సెల్ విరగబడి నవ్వాడు. "మీ గుడిలో అరుచుకునే ఆ భాషా? ఒక్క ముక్క రాదు. దేవుడి దయ."

"అయితే కూర్చోండి. మీ ముందు దాచేదేమీ లేదు. మేమిద్దరం కాసేపు మా భాషలో మాట్లాడుకుంటాం." ఆంజనేయులు తను ఇందాక కూర్చున్న కుర్చీని మార్సెల్ వైపు తోశాడు.

మార్సెల్ పొన్నుకర్రను బల్ల మీద పెట్టి, కుర్చీ వెనక చేత్తో పట్టుకుని కూర్చోబోయాడు. ఆంజనేయులు గొంతు ఏమాత్రం మార్చకుండా, కామిని వైపే చూస్తూ, తెలుగులో అన్నాడు.

"ఆ కుర్చీకి మూడు కాళ్ళే ఉన్నాయి. పాపం, పడతాడు."

మార్సెల్ సగంలో ఆగిపోయాడు. ఒక చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. మెడ వంచి కుర్చీ కిందికి చూశాడు.

కుర్చీకి నాలుగు కాళ్ళూ ఉన్నాయి.

మార్సెల్ మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. తర్వాత కామిని, "అయ్యో," అంది మెల్లగా. ఎవరి కోసమో ఆమెకే తెలియదు.

"ఈ గదిలోకి రాగలవాళ్ళందరి గురించీ ఆరా తీస్తూ పొద్దున్న లెస్కాలియేలో బస్సు దిగి ముత్యాలమ్మ ఇంటికి వెళ్ళాను," అన్నాడు ఆంజనేయులు క్రియోల్‌లోకి తిరిగి వస్తూ. "మీ నాన్నగారు ఓవర్సీరుగా ఉన్నప్పుడు మిమ్మల్ని ఎత్తుకు పెంచిన మనిషి. ఎనభై రెండేళ్ళు. కళ్ళు కనబడవు. మార్సెల్ బాబు మామిడికాయలు తెలుగులో లెక్కపెట్టేవాడు, అన్నం తింటే తప్ప పది దాటనిచ్చేదాన్ని కాదు అని ఎంత మురిపెంగా చెప్పిందో. మీ క్షేమం కోసం ఇప్పటికీ రోజూ దీపం పెడుతుంది."

"ముసలిది ఇంకా బతికే ఉందా," అన్నాడు మార్సెల్. కానీ ఆ మాట అనుకున్నంత గట్టిగా రాలేదు.

ఆయన చెయ్యి బల్ల మీది కర్ర కోసం కదిలింది. కామిని ముందే అందుకుంది. బెంచీ మీద వదిలిన రొట్టెను పక్కకి తీసి, దాని కింది తెల్లకాగితం బల్ల మీద పరిచి, కర్ర కొసను దానికి రెండుసార్లు తట్టింది. కొసన ఇత్తడి పొన్ను, లోపలి కర్ర అరిగి బోలు పడింది. కాగితం మీద ఎర్రటి పొడి రాలింది. ఎరుపులో పసుపు కలిసి ఉంది. తట్టినచోట వెన్న అంటిన కాగితం మీద సన్నటి వలయం. ఒకచోట తెగి ఉంది.

"ఈ దేశంలో పొన్నుకర్రలు వంద ఉంటాయి," అన్నాడు మార్సెల్.

"ఉంటాయి," అన్నాడు ఆంజనేయులు. "సుబ్బమ్మగారి పసుపు కుంకుమలు అంటిన పొన్నుకర్ర ఇదొక్కటే."

"బాబాయిగారూ." కామిని గొంతులో ధీమా పోయింది. ఆమె మళ్ళీ వెండికాగితం వైపే చూస్తోంది. "వలయాలు రెండేసి ఉన్నాయి. అంటే బీరువా రెండుసార్లు తెరిచాడు. ఒకటి మంగళవారం, నేను వెళ్ళాక. రెండోది?"

"పొడి ఇంకా తాజాగా ఉంది. పొద్దున్న ఎనిమిదింటికి బొట్లు పెట్టాక, పదింటికి నిన్ను ఇక్కడ కూర్చోబెట్టేలోపు, ఇవాళే."

ఆమె విప్పిన గుడ్డను చేత్తోనే పలక మీద ఆనించి ఏడు, రెండు, తొమ్మిది, నాలుగు నొక్కింది. తలుపు తెరుచుకుంది. సీసాలు పదకొండు. లెక్క సరిగ్గానే ఉంది. ఆంజనేయులు ఒక్కొక్కటే వెలుగుకు పట్టాడు. మిగతావాటిలోని ముదురు గోధుమరంగు మందు కన్నా తొమ్మిదో సీసాలో ద్రవం రంగు తేలికగా ఉంది. మూత మీది లక్క గోటికి మెత్తగా తగిలింది. వాసన చూశాడు. మందు తీసి, లెక్క తగ్గకుండా నింపిన టీ.

"ఇవాళ తీసినది ఎవరికి..." అంటూ తలెత్తేసరికి బల్ల దగ్గర ఏదో పెళ్ళుమంది. మార్సెల్ గోడలోని టెలిఫోన్ తీగను డబ్బాతో సహా పెరికేశాడు. ఒక్క అడుగులో గుమ్మం దాటాడు. బయట గడియ పడింది.

"నాలుగింటికి జీపు వస్తుంది," అంది తలుపు అవతలి గొంతు, ఇప్పుడు చాలా నెమ్మదిగా. "ఈ కథంతా వాళ్ళకు చెప్పండి. ఆలోగా సంఘం ముందు చెప్పాల్సినవాడు ఉండడు."

బూట్ల చప్పుడు దూరమైంది. మూడూ ముప్పై ఏడు.

ఆంజనేయులు తలుపు మీద భుజం వెయ్యలేదు. తన భుజం సంగతి తనకు తెలుసు. గదంతా ఒకసారి చూశాడు. జోసెలిన్ బల్ల పక్కన రాతిపలక వేలాడుతోంది. దాని మీద సుద్దతో: 'రామానుజంగారు - ఫ్లాస్కు - 2.45 బస్సు.'

"ఏ ఫ్లాస్కు?"

కామిని మొహం పాలిపోయింది. "రోజూ జోసెలిన్ ఆసుపత్రికి వెళ్ళి మాస్టారిని చూసి వస్తుంది. ఇవాళ మార్సెల్ తన బంగళా నుంచి మునగాకు సూపు పంపించాడు. పెద్దాయన మాంసం తినడు కదా, ఇది తీసుకెళ్ళు అన్నాడు. జోసెలిన్ ఎంత సంతోషపడిందో. చూశావా, ఆయనకీ మనసుంది అంది."

మునగాకు చేదు. అందులో ఏ చేదు కలిసినా నాలుకకు తెలియదు. బస్సు మూడున్నరకే మహేబోర్గ్ చేరి ఉంటుంది.

ఆంజనేయులు నోరు తెరవకముందే ఆమె నేల మీద మోకాళ్ళూని గోడలోంచి వేలాడుతున్న తీగల్ని పళ్ళతో కొరికి రబ్బరు ఊడదీస్తోంది. "నా సంచీ ఇవ్వండి. ఎర్ర గుడ్డమూట."

"ఆ వెండికాగితం వాడతావా?"

"దాన్ని ముట్టుకోనివ్వను. దాని మీదే ఉంది నా ప్రాణం." మూట విప్పితే గుప్పెడు టిచ్‌బటన్లు, మొదటి పలకవి, పారేయడానికి మనసొప్పక దాచుకున్నవి. తెగిన తీగ ఒక కొసను ఒక సగానికి, రెండో కొసను రెండో సగానికి చుట్టి నొక్కింది. టక్. రెండో జత. టక్. "తాళానికి పనికిరాలేదని తిట్టుకున్నాను. నొక్కితే ఊడిరావని."

రిసీవర్‌లో గరగర. తర్వాత ఎక్స్ఛేంజి అమ్మాయి గొంతు. ఆంజనేయులు ఆసుపత్రి అడిగాడు. మగవాళ్ళ వార్డు అడిగాడు. నర్సు జోసెలిన్ అడిగాడు. ఒక్కో మలుపు దగ్గరా ఎవరో "ఆగండి" అన్నారు. ఆగాడు. కామిని ఆయన పక్కనే రిసీవర్‌కు చెవి ఆనించింది.

మూడూ నలభై ఎనిమిది. "ఆలో?"

"జోసెలిన్, నేను ఆంజనేయులు. రామానుజంగారు ఆ సూపు తాగారా?"

"ఆయనా?" అవతల నవ్వు. "మూత కూడా తీయనివ్వలేదు మిస్యే. ఎస్టేట్ బంగళాలోది అనగానే ఇకమీదట ఎస్టేట్ నీళ్ళు కూడా నా గొంతు దిగవు, తీసుకుపో అన్నాడు. మంచం మీద లేవలేడు, మొండితనానికి మాత్రం ఏం తక్కువ లేదు."

ఆంజనేయులు కళ్ళు మూసుకున్నాడు. ఒక ముసలి మనిషి పంతం ఈ లోకంలో ఎప్పుడు ఎవరికి వరమవుతుందో చెప్పలేం. "మంచిది. ఆ ఫ్లాస్కు ఎవరినీ ముట్టుకోనివ్వకు. దాచిపెట్టు."

"ఫ్లాస్కా?" నవ్వు ఆగింది. "అది ఖాళీ అయింది మిస్యే. పారబోస్తే పాపం కదా. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. నా రొట్టె ఆ పిల్లకిచ్చాను. పాపం, దాన్ని ఆకలితో కూర్చోబెట్టారు..."

కామిని బెంచీ వైపు చూసింది. సగం తిన్న రొట్టె అక్కడే ఉంది.

"ఎంతసేపైంది? జోసెలిన్, ఎంతసేపైంది తాగి?"

"ఇప్పుడే... పావుగంట... బస్సులో నిలబడ్డాను కదా, అలసట. కళ్ళు మూతలు పడుతున్నాయి. కొంచెం కూర్చుంటే..."

ఏదో బల్లకు కొట్టుకున్న చప్పుడు. రిసీవర్ గోడకు ఊగుతూ తగులుతున్న చప్పుడు. దూరంగా ఎవరో "డాక్టర్, డాక్టర్" అని పిలుస్తున్నారు. చెప్పుల్లేని పాదాలు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చాయి. బరువైన ఊపిరి.

"ఎవరది?" అంది ఒక మగగొంతు తెలుగులో. "అమ్మాయి పడిపోయింది ఇక్కడ."

కామిని రిసీవర్ లాక్కుంది. "మాస్టారూ, నేను కామినిని."

"తాళాల పిల్లవా?"

"అవును. తిట్లు తర్వాత. మీకు టీలో పెట్టిందే ఆమె సూపులో తాగేసింది. ఆ సూపు మీ కోసం పంపింది. డాక్టరుకి మార్ఫిన్ అని చెప్పండి. డాక్టరు వచ్చేదాకా ఆమెను నిద్రపోనివ్వకండి. గిల్లండి, నీళ్ళు కొట్టండి, ఏదో ఒకటి మాట్లాడించండి."

"క్రియోల్‌లో పిలుస్తున్నా పలకడం లేదు. తెలుగు ఆ అమ్మాయికి రాదు. ఏం మాట్లాడించను?"

"వస్తుంది. నాలుగు మాటలు వచ్చు. అంకెలు అడగండి. ఏడుతో మొదలుపెట్టండి."

అవతల రిసీవర్‌తోనే నేల మీదికి కూర్చున్న చప్పుడు. తర్వాత ముప్పై ఏళ్ళు పలకలు దిద్దించిన గొంతు, నిలబడడానికి ఓపిక లేని మనిషిది, తరగతి గదిలో లాగా గట్టిగా పలికింది. "చెప్పమ్మా. ఏడు. ఏడు తర్వాత? నిద్రపోతే ఊరుకోను. చెప్పు."

చాలా దూరం నుంచి, నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు, పాట రాగంలోనే:

"ఏడు..."

"ఊఁ. తర్వాత?"

"రెండు..."

బయట మట్టిరోడ్డు మీద జీపు హారన్ మోగింది. గడియారం నాలుగుకు మూడు నిమిషాలు తక్కువ. ఎవరో గడియ లాగుతున్నారు. ఆంజనేయులు కదల్లేదు. ఒక చేత్తో వెండికాగితాన్ని, ఇంకో చేత్తో తీగ మీది రెండు టిచ్‌బటన్ల జతలనూ ఊడకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"తొమ్మిది..." అంది జోసెలిన్.

"ఊఁ. ఇంకొకటి. ఒక్కటే ఉంది తల్లీ. తర్వాత?"

తలుపు తెరుచుకుంది. వెలుతురు లోపలికి పడింది. కామిని వెనక్కి తిరగకుండా, వచ్చినవాళ్ళెవరైనా సరే ఆగమన్నట్టు చెయ్యెత్తి, రిసీవర్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. నాలుగో అంకె కోసం.